లగ్నం తప్పని కాన్పు

నొప్పులకంటే ముందే పంతులుగారి వాట్సాప్ వచ్చింది: ‘గురువారం తెల్లవారుజామున 4.12. దాటితే వర్జ్యం.’ డాక్టరమ్మ కాదనలేదు, థియేటర్ బుక్ చేసింది. మత్తు డాక్టరు ఆవులిస్తూ దిగాడు. అత్తగారు పంచాంగంతో, మామగారు ఫోనుతో తలుపు దగ్గర కాపలా. కోతకు లగ్నబలం ఉంది సరే, కుట్ల నొప్పికి ఏ గ్రహం పూచీ?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే; ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5. అన్నీ ముహూర్తాల పుణ్యమే అనలేం లెండి, బిల్లుకూ బలమైన జాతకమే ఉంది. ‘నొప్పులు ఓర్చుకోగలనా?’ అని వణికే పిల్లకు పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మనిషే ఏ లగ్నంలోనూ దొరకలేదు.

బిడ్డ కేరుమంది. సరిగ్గా 4.12! అందరూ దండం పెట్టుకున్నాక నర్సమ్మ నసిగింది: ‘థియేటర్ గడియారం ఐదు నిమిషాలు స్లో సార్.’