గట్టు మీది వట్టివేరు

నా పేరులోనే వేరు ఉంది. అందుకేనేమో, నన్ను చూసినవాళ్ళ కన్ను ఎప్పుడూ నేలలోకే పోతుంది. కుండనీళ్ళలో గుప్పెడు వేళ్ళు వేసుకుంటారు, తడికలల్లి కిటికీలకు కడతారు, అత్తరు తీస్తారు. పైన నిలువెత్తు పెరిగి, ఊదారంగు కంకులు వేసే పచ్చగడ్డి ఒకటుందని ఎవరికీ గుర్తుండదు.

సాగులో ఉన్న దక్షిణాది రకం మాది. పూస్తామే గాని మా గింజ మొలవదు. దుబ్బు చీల్చి పిలక నాటాల్సిందే. నేనలాగే అనంతపురం జిల్లాలో ఒక ఎర్రనేల వాలు చేనికి వచ్చాను. మమ్మల్ని గోనెసంచుల్లో రెండు రోజులు ఎండలో పడేశారు. కరువుకు తట్టుకునే గడ్డికి నీళ్ళెందుకన్నారు. తట్టుకుంటాను, నిజమే. కానీ వేరు లోతుకు దిగేదాకా, మొదటి రెండు మూడు నెలలు, నాకూ తడి కావాలి. సగం పిలకలు సంచుల్లోనే చచ్చిపోయాయి. బెత్తెడు ఎడంలో నాటాల్సిన గట్టు మీద మూరకొకరం మిగిలాం.

ఆ ఏడు వాన దయ చూపింది. మోకాలెత్తున ఆకు కోసినప్పుడల్లా కొత్త పిలకలు వేశాను. సందులు పూడడానికి నాలుగేళ్ళు పట్టింది. నా వేళ్ళు పక్కకు పాకవు, మూడు మీటర్ల దాకా నిలువునా దిగుతాయి. అందుకే పక్కనున్న వేరుశనగ నోటి దగ్గరిది లాక్కోను. వరదను నేను ఆపను. ఆపితే గట్టు తెగుతుంది. మా కాడల మధ్య నుంచి మెల్లగా వదులుతాను, అది మోసుకొచ్చిన మన్ను మా వెనకే దిగిపోతుంది. పోయే మన్నే పోగై చేను మెట్టుగా చదునవుతుంటే, అది నా చేతి పని అనుకునేదాన్ని.

ఈ పని కొత్తదీ కాదు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు తరఫున జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా మన దేశంలో నన్ను గట్ల మీద నాటమని చెప్పేనాటికే, కర్ణాటకలోని గుండ్లుపేట రైతులు పొలాల హద్దుల్లో నన్ను పెంచుతున్నారు.

ఒక వేసవిలో వేళ్ళు కొనే బేరగాడు వచ్చాడు. చేనికి అప్పుంది, అది నాకూ తెలుసు. అయినా గట్టు మీద గునపం దిగిన ఆ రోజును మరిచిపోలేను. ఒక్కొక్క దుబ్బునూ చుట్టూ తవ్వి, పెకలించి, వేళ్ళు నరికి మోపులు కట్టారు. తలలు వాలులోకి విసిరేశారు. అందులో నేనూ ఉన్నాను. తొలకరిలో ఒక్క రాత్రి వానకు, గట్టు మా గుంతల దగ్గరే తెగింది. అన్నేళ్ళు పట్టి నిలబెట్టిన ఎర్రమన్ను నా ముందునుంచే వంకలోకి పోతుంటే, పట్టుకోవడానికి నాకు ఒక్క వేరూ లేదు. పట్నం పోయిన వేళ్ళు ఒక కూలర్లో తడిసి తడిసి, వాసన పోయాక చెత్తబండి ఎక్కాయట.

మర్నాడు గండి చూడ్డానికొచ్చిన ఆ చేనివాళ్ళింటి ముసలమ్మ, "ఇది ఇంకా పచ్చిగానే ఉందే" అని నన్నెత్తి, పెరట్లో స్నానాల నీళ్ళు పారే కాలువ ఒడ్డున నాటింది. రెండు నెలలు మరిచిపోకుండా తడి చూసింది. ఏడాది తిరిగేసరికి దుబ్బు కట్టాను.

ఈ ఉదయం నన్ను చీల్చి పన్నెండు పిలకలు తీసింది. తడి గోనెలో చుట్టింది, ఎండ తగలకుండా పైన కొంగు కప్పింది. మనవరాలు పార పట్టుకుని ముందు నడుస్తోంది, గండి వైపు.