అమెరికా వారి గాలిమాటలు

కార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే గుద్దుకోవని అమెరికా ప్రభుత్వం 1999లోనే కనిపెట్టింది. అందుకోసం గాలిలో 75 మెగాహెర్ట్జ్ జాగా కూడా రాసిచ్చింది. ఆ తర్వాత పాతికేళ్లు మాటలు తప్ప అన్నీ నడిచాయి.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. కారులో ఓ చిన్న రేడియో. సెకనుకు 10 సార్లు ఒకటే పాట: ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను, వేగం ఇంత, బ్రేకు తొక్కాను. దాదాపు 300 మీటర్ల దాకా వినిపిస్తుంది. మీ ముందు లారీ, లారీ ముందు ఇంకో కారు. ఆ కారు సడన్ బ్రేకు వేస్తే మీకు కనిపించేది లారీ వెనక తలుపులే. మీ కారు కెమెరాకూ అంతే. రేడియోకు లారీ అడ్డు కాదు. మీ డ్యాష్‌బోర్డు ముందే కీచుమంటుంది.

మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో 2012 నుంచి సుమారు 2,800 వాహనాలతో మాట్లాడించి చూశారు. మాట్లాడాయి. పనిచేస్తుందని తేలిపోయాక అధికారులకు తొందరేముంటుంది? రెండే రెండు రకాల హెచ్చరికలతో ఏటా వెయ్యికి పైగా ప్రాణాలు దక్కవచ్చని రహదారి భద్రతా సంస్థే 2014లో లెక్క కట్టింది. 2016 డిసెంబరులో ప్రతి కొత్త కారులోనూ రేడియో ఉండాలంటూ ముసాయిదా రాసింది. 2023లో వెనక్కి తీసుకుంది. భద్రతా సంస్థ కదా, ఏడేళ్లూ ఆ కాగితానికి చిన్న గీత కూడా పడనివ్వలేదు.

2017లో ఒక కెడిలాక్ సెడాన్‌కు ఈ రేడియో బిగించి అమ్మారు. ఇలాంటిదే ఉన్న మరో బండి ఎదురైతే తప్ప దానికి జవాబు లేదు. పాపం, సెకనుకు 10 సార్లు గోడు వెళ్లబోసుకుంటూ తిరిగింది. వినే నాథుడేడీ?

ఈలోపు పాత రేడియో గొప్పా, సెల్‌ఫోన్ టెక్నాలజీ గొప్పా అని కంపెనీలు రెండు జట్లయ్యాయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది: 2020 నవంబరులో కమ్యూనికేషన్ల కమిషన్ 75లోంచి 45 మెగాహెర్ట్జ్ కోసి వైఫైకి వడ్డించింది. కూడలిలో బండి ఆగినా ఆగకున్నా ఇంట్లో సినిమా ఆగకూడదు మరి. ఆ మరుసటి ఏడాది అమెరికా రోడ్ల మీద 43,230 మంది పోయారు. వాళ్ల తరఫున లాబీయింగ్ చేసేవాడు లేడు.

మిగిలిన 30 మెగాహెర్ట్జ్‌కు 2024 నవంబరులో కొత్త రూల్సు వచ్చాయి. ప్రతి కారులో రేడియో పెట్టి తీరాలన్న ముక్క వాటిలో లేదు. పాత రేడియోలు రెండేళ్లలో నోరు మూసుకోవాలన్న గడువు మాత్రం ఉంది.