మూడే కాళ్ల కుందేలు

పదో తరగతికి క్షేత్రమితి చెప్పీ చెప్పీ రిటైరైనవాణ్ని. ఘనం భుజం రెట్టింపైతే ఉపరితలం నాలుగింతలు, ఘనపరిమాణం ఎనిమిదింతలు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అలాంటి నేను, బైపీసీ చదివే మనవరాలు ఏనుగు కణం ఎంతుంటుందని అడిగితే, ఎలుక కణం కంటే ఎన్నో రెట్లు పెద్దదే ఉంటుందని కళ్లజోడు సర్దుకుని మరీ సెలవిచ్చాను.

"కాదు తాతయ్యా, ఇంచుమించు అంతే. లెక్కకి ఎక్కువుంటాయి, అంతే తేడా" అంది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. "మరి కోడిగుడ్డు సొన ఒక్కటే కణమంటారే?" అని లా పాయింటు తీశాను. వంటింట్లోకెళ్లి పళ్లెంలో గుడ్డు కొట్టి పట్టుకొచ్చింది. పచ్చసొన మీద మినపగింజంత తెల్లటి మచ్చ. చురుగ్గా ఉండే జీవపదార్థం అదేనట, తక్కినదంతా పిండానికి దాచిన మేత.

ఈసారి నమీబియా దాకా వెళ్లాను. అక్కడి సముద్రపు బురదలో దొరికిందని 1999లో ప్రకటించిన థయోమార్గరీటా అనే బ్యాక్టీరియా ముప్పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. తను ఫోన్లో బొమ్మ తీసి చూపించింది. నడుమంతా నైట్రేటు నింపుకున్న రిక్తిక, జీవపదార్థం అంచున పల్చటి పొర.

అప్పటిగ్గానీ నా సూత్రం నాకు గుర్తు రాలేదు. తిండి రావాలన్నా చెత్త పోవాలన్నా దారి ఉపరితలమే. ఆకలి మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి. కణం పెరిగేకొద్దీ వర్గం ఘనాన్ని అందుకోలేదు.

మరి మామూలు బ్యాక్టీరియా కంటే పదింతలకు పైగా వెడల్పున్న మన కాలేయ కణం ఎలా నెట్టుకొస్తోంది? పుస్తకంలో దాని బొమ్మలోని మెలికల గీతల్ని ఇన్నాళ్లూ మార్కుల కోసం వేసే ముగ్గులనుకున్నాను. అవన్నీ లోపలి త్వచాలట. ఆ కణంలోని త్వచాలన్నీ కలిపి చూస్తే బయటి త్వచం వాటా సుమారు 2 శాతమేనట! సగం దాకా అంతర్జీవద్రవ్యజాలానిదే. మైటోకాండ్రియా లోపలి పొర ప్రోటాన్లను ఒక పక్కన పోగేస్తుంది. అవి తిరిగి ఇవతలికి దూకే జోరుతో, కణానికి శక్తినిచ్చే ఏటీపీని చేసే యంత్రాలు ఆ పొరలోనే పాతుకుని ఉంటాయి. మడతలు ఎక్కువైతే యంత్రాలకు చోటూ ఎక్కువే. పొర కారిపోయిందా, ఆ జోరూ లేదు, ఏటీపీ కూడా లేదు.

1929లో ఆ ఏటీపీని కనిపెట్టినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని ఎన్ని సభల్లో ఛాతీ విరుచుకుని చెప్పానో! అది కణంలో ఎక్కడ తయారవుతుందని ఎవరూ అడక్కపోవడం నా అదృష్టం.

రాత్రి మంచమెక్కాక ఇంకో పాయింటు తట్టింది. వెన్ను నుంచి కాలివేలి దాకా మీటరు పొడవుండే నరాల కణం మాటేమిటి? పొద్దున్నే అడుగుదామనుకుని, ఎందుకైనా మంచిదని ముందు కాగితం తీశాను. సన్నటి స్తూపం. వక్రతల వైశాల్యాన్ని ఘనపరిమాణంతో భాగించాను. పొడవు కొట్టివేతలో పోయింది, వ్యాసార్ధం ఒక్కటే మిగిలింది.