ఆ లైను రాసింది నేనే

బ్రౌజర్లో ఎర్ర తెర వచ్చి ఈ సైటు నమ్మదగ్గది కాదు అనగానే మీరేం చేస్తారో నాకు తెలుసు. కింద ఏ మూలో సన్నటి అక్షరాల్లో ఉండే ‘అయినా సరే, వెళ్తాను’ అన్న లింకు కోసం వెతుకుతారు. నేనూ అదే బాపతు. కాకపోతే మీరు మీ ఒక్క ఫోన్లో చేసుకునే పనిని నేను ఒక కాలేజీ మొత్తానికి చేసిపెట్టాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరైతే తిట్టకుండా వింటారని చెబుతున్నాను.

మాది వాడరేవు. తెల్లారేసరికి పడవలు ఒడ్డుకు చేరి, చేపల వేలం కేకలతో నిద్రలేచే ఊరు. ఉద్యోగం చీరాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, కంప్యూటర్లు చూసుకోవడం. ల్యాబుల నిండా లైనక్స్ మెషీన్లు. పిల్లలు ఏ మెషీన్ ముందు కూర్చున్నా వాళ్ల లాగిన్ పనిచేయాలి. అందుకని అందరి పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఒక్కచోట పెట్టి, ఏ మెషీన్ అడిగినా ‘అవును, వీడు మనవాడే’ అని జవాబు చెప్పే డైరెక్టరీ సర్వర్ ఒకటి ఉంటుంది. మాది ఓపెన్ ఎల్‌డాప్. 1993లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిన ఎల్‌డాప్ పద్ధతి ఇప్పటికీ పెద్ద పెద్ద ఆఫీసుల్లో నడుస్తూనే ఉంది.

దీంతో ఒక చిక్కుంది. 389 పోర్టు మీద ఎన్‌క్రిప్షన్ లేకుండా మామూలుగా లాగిన్ అయితే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు తీగల మీద వెళ్లిపోతుంది. నెట్‌వర్కులో ప్యాకెట్లు చూడటం తెలిసిన ఏ కుర్రాడైనా చదివేసుకోవచ్చు. ఈ సంగతి మీటింగులో ప్రిన్సిపాల్ గారి ముందు నేనే లేవనెత్తాను. ‘ఎన్నాళ్లు పడుతుందండీ?’ అని ఆయన అడిగితే, ‘శనివారం సాయంత్రానికల్లా అయిపోతుంది సార్’ అనేశాను. శనివారానికే కావాలని ఎవరూ అడగలేదు. గొప్పకు పోయి నా అంతట నేనే ఇచ్చుకున్నాను. తర్వాత జరిగిన అనర్థమంతా ఆ శనివారంలోంచే పుట్టింది.

ఎన్‌క్రిప్షన్ పెట్టాలంటే సర్వర్‌కి తానెవరో చూపించే సర్టిఫికెట్ కావాలి. అది ఇవ్వడానికి సొంతంగా ఒక సర్టిఫికెట్ అథారిటీని తయారుచేసుకున్నాను. దాంతో సర్వర్‌కి సర్టిఫికెట్ రాయించాను. కాన్ఫిగరేషన్లో పెట్టి సర్వర్ని లేపితే లేవలేదు. కారణం లాగ్‌లో స్పష్టంగానే రాసి ఉంది. లాగ్ మొదటి నుంచి చివరిదాకా చదవడం కొత్తగా చేరినవాళ్ల పని అని నాకో నమ్మకం. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, చూడకుండానే పట్టేస్తాననుకున్నాను. ప్రైవేట్ కీ ఫైలు రూట్ యూజర్ పేరు మీద, 600 పర్మిషన్లతో ఉంది. డెబియన్లో ఎల్‌డాప్ సర్వర్ నడిచేదేమో ఓపెన్‌ఎల్‌డాప్ అనే వేరే యూజర్ కింద. ఆ యూజర్‌కి కీ చదివే హక్కు లేదు. జబ్బు అంతే. ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్ అని అక్కడ ఒక గ్రూపు సిద్ధంగా ఉంటుంది. కీని ఆ గ్రూపు కిందికి తెచ్చి, సర్వర్ యూజర్ని అందులో చేర్చి, ఫైలుకి 640 ఇస్తే సరిపోయేది. నేనేం చేశానో చెప్పమంటారా? ఫోల్డర్‌తో సహా 777 కొట్టాను, అంటే ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు. సర్వర్ లేచింది. నేను టీ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చి కొన్ని ల్యాబ్ మెషీన్లలో అథారిటీ ఫైలు పెట్టి చూస్తే అవి కొత్త పాట అందుకున్నాయి. హోస్ట్ పేరు సర్టిఫికెట్లో పేరుతో కలవడం లేదన్నాయి. మా ఊళ్లో పడవ మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబరు, కాగితంలో ఉన్న నంబరు ఒకటే కావాలి. తేడా వస్తే సముద్రం మీద ఆపినవాళ్లు పడవని కదలనివ్వరు. ఇక్కడా లెక్క అంతే. నేను సర్టిఫికెట్లో సర్వర్ పొట్టిపేరు రాశాను. మెషీన్లలో మాత్రం పేరు బదులు ఐపీ అడ్రస్ ఇచ్చాను. రెండూ ఎలా కలుస్తాయి? సర్వర్‌ని ఏ పేరుతో పిలుస్తామో ఆ పూర్తి పేరు సర్టిఫికెట్లోని సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అన్న భాగంలో ఉండాలి. పాత పద్ధతిలో కామన్ నేమ్ ఒక్కటే రాస్తే సరిపోదని 2000 సంవత్సరం నుంచీ చెబుతూనే ఉన్నారు. 2017లో క్రోమ్ 58 దాన్ని చూడటమే మానేసింది. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసే చేయలేదు, ఎందుకంటే మళ్లీ సర్టిఫికెట్ రాయించాలి, అథారిటీ ఫైలుని మిగతా ప్రతి మెషీన్లోకీ చేర్చాలి. అప్పటికి శనివారం మధ్యాహ్నం దాటిపోయింది.

మెషీన్లలో లాగిన్ వ్యవహారం చూసేది ఎస్‌ఎస్‌ఎస్‌డీ. అది మంచి మొండి ఘటం. ఎన్‌క్రిప్షన్ లేని దారిలో పాస్‌వర్డ్ పంపనని భీష్మించుకుంటుంది. కాబట్టి ఎన్‌క్రిప్షన్ మానేసే వీల్లేదు. కానీ దాని కాన్ఫిగరేషన్లో ఇంకో లైను ఉంది: ఎల్‌డాప్_టీఎల్‌ఎస్_రెక్‌సర్ట్. దానికి ‘డిమాండ్’ అని రాస్తే సర్టిఫికెట్ సరిగా ఉంటేనే ముందుకు పోతుంది. ‘నెవర్’ అని రాస్తే సర్టిఫికెట్ ఎవరిదో, ఎవరిచ్చారో, గడువుందో లేదో ఏదీ పట్టించుకోదు. నెవర్ అని రాశాను. ఒక మెషీన్లో రాసి, స్క్రిప్టుతో మిగతా అన్నిటికీ ఎక్కించాను. ఎర్రర్లన్నీ పోయాయి. సాయంత్రం ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, ‘సెక్యూర్ చేసేశాను సార్’ అన్నాను. ఆయన శభాష్ అన్నారు. నాకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఆ లైను చేసే పని ఎంత ఘోరమో తర్వాతగానీ నాకు ఒంటపట్టలేదు. ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, తాళం పడుతుంది, ప్యాకెట్లు తెరిచి చూస్తే అన్నీ పిచ్చిగీతలే. కానీ ఆ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పెడుతున్నామో కనుక్కునే పని పూర్తిగా ఆగిపోతుంది. దారిలో ఎవడు కూర్చుని నేనే సర్వర్ని అన్నా భద్రంగా మూటగట్టి వాడికే అందిస్తుంది.

ఇంతలో నన్ను సెక్యూరిటీ మీద క్లాసు చెప్పమన్నారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. 2014 ముచ్చట ఎత్తుకున్నాను. మన దేశంలో సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల మీద పెత్తనం సీసీఏది, అంటే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్‌ది. 2000 ఐటీ చట్టం కింద ఏర్పడ్డ ఆఫీసు అది. దాని కింద ప్రభుత్వ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, అంటే ఎన్‌ఐసీ కూడా సర్టిఫికెట్లు ఇచ్చేది. తన సైట్ల పేర్ల మీద తనకి తెలియకుండానే ఎన్‌ఐసీ నుంచి సర్టిఫికెట్లు బయటికొచ్చాయని ఆ ఏడు జూలై 2న గూగుల్ పట్టుకుంది. మర్నాడు సీసీఏ ఆ ఎన్‌ఐసీ అథారిటీ సర్టిఫికెట్లను రద్దు చేసింది. నమ్మకం ఒక్కచోట సడలితే దేశం దేశమే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని పిల్లల ముందు గొంతు పెంచి చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటున్నప్పుడు నా మెషీన్లన్నిటిలో నెవర్ ఉంది, నా ప్రైవేట్ కీ 777తో బట్టబయలుగా ఉంది. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. గొంతు పెంచినవాడికి తన ఇల్లు కనపడదేమో.

క్లాసు అయ్యాక ఫైనలియర్ కుర్రాడొకడు ఆగాడు. మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ‘సార్, ల్యాబులో ఒకటి చూపించొచ్చా?’ అన్నాడు. హెచ్‌ఓడీ మేడమ్ కూడా వచ్చారు. వాడు తన ల్యాప్‌టాప్ తెరిచాడు, ఏవో నాలుగు కమాండ్లు కొట్టాడు, సర్వర్ ఐపీ తనదేనని నెట్‌వర్కుని నమ్మించాడు, అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ పుట్టించాడు, అందులో పేరు ‘నకిలీ’ అనే రాశాడు, ‘సార్, ఆ మెషీన్లో మీ లాగిన్ కొట్టండి’ అన్నాడు, నేను నవ్వుతూ కొట్టాను, లాగిన్ ఫెయిలన్నది, ‘చూశావా, కుదర్లేదు’ అన్నాను, వాడు ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు, నల్ల తెర మీద తెల్లటి అక్షరాల్లో నా పాస్‌వర్డ్! నా పేరు, పక్కనే నేను పుట్టిన సంవత్సరం. అలాంటి పాస్‌వర్డ్ పెట్టుకోకూడదని నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది నేనే. మేడమ్ ఆ కాగితం చదివారు, ఆ తెరా చదివారు. భూమి చీలిపోతే బాగుండనిపించింది. వాడింకా అయిపోలేదన్నట్టు, ‘సార్, ఇది కూడా’ అంటూ తన మామూలు లాగిన్‌తో సర్వర్లోకి వెళ్లి ప్రైవేట్ కీ ఫైలుని తెర మీద పరిచాడు.

కోపం వచ్చింది, అబద్ధమెందుకు. సస్పెండ్ చేయించాలన్న దుర్బుద్ధి కూడా ఒక్క క్షణం తలెత్తింది. వాడు నాకు చేసిన మేలేమిటో అర్థమయ్యేసరికి తల దించుకున్నాను. ప్రిన్సిపాల్ గారికి మేడమ్ చెప్పేలోపే వెళ్లి అంతా నేనే చెప్పాను. ఆయన ఒక్క మాటే అడిగారు: ‘మరి ఆరోజు సెక్యూర్ అన్నారే?’ దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ జబ్బు నా ఒక్కడిదే అయితే ఇది రాసేవాణ్ణి కాదు. 2012లో టెక్సస్, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల పరిశోధకులు బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్లలో సర్టిఫికెట్ తనిఖీ ఎలా జరుగుతుందో చూసి, ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన కోడ్ ఇదేనని పేరుపెట్టి పేపరు రాశారు. డబ్బు చెల్లింపులు నడిపే సాఫ్ట్‌వేర్లలో కూడా ఆ తనిఖీ తప్పుగా ఉందని, కొన్నిచోట్ల అసలే లేదని తేల్చారు. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ వాళ్లు ఒక సర్టిఫికెట్ గడువు మరచిపోతే టీమ్స్ కొన్ని గంటలపాటు పడిపోయింది. అంతంత వాళ్లే పొరపడుతున్నారంటే మీరూ నేనూ ఎంత.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పాత కీ పారేశాను, బయటపడిన కీతో ఏ పనీ లేదు. కొత్త సర్టిఫికెట్‌లో పూర్తి పేరు సరైన చోట రాయించాను. అథారిటీ ఫైలుని అన్ని మెషీన్లకీ చేర్చాను. నెవర్ తీసి డిమాండ్ పెట్టాను. ఆ కుర్రాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో ఎస్_క్లయింట్ కమాండ్‌తో 636 పోర్టుని పలకరించి, వచ్చిన ప్రతి లైనూ బయటికి చదివాం.

అన్నీ కుదిరాయి, పాత ల్యాబులో వరసాఖరి మెషీన్లు తప్ప. సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదన్నాయి. నిన్న రాయించిన సర్టిఫికెట్ ఇంకా చెల్లకపోవడమేమిటి? అప్పుడు నా చెయ్యి దానంతటదే మళ్లీ నెవర్ అనే మాట వైపే పోయింది. కుర్రాడు నా మొహంలోకి చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తేదీ చూస్తే 2009 జనవరి 1. క్యాబినెట్ విప్పాం. సముద్రపు గాలికి స్క్రూలు తుప్పు పట్టి తిరగడమే కష్టమైంది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉంది, అంచున తెల్లటి పొక్కు. కరెంటు పోయినప్పుడల్లా ఆ మెషీన్లు 2009కి వెళ్లిపోతున్నాయి. చీరాల బజార్లో వాచీల కొట్టులో సీఆర్ 2032 బిళ్లలు తెచ్చి వేశాం. టైము కాలేజీ సర్వర్ నుంచి తీసుకునేలా క్రోనీ పెట్టాం. లాగిన్లు పనిచేశాయి.

తర్వాత పిల్లలూ లెక్చరర్లూ అందరి చేతా పాస్‌వర్డ్‌లు మార్పించాం. అంతకాలం ఆ తలుపు తెరిచే ఉంది కాబట్టి, దాంట్లోంచి ఎవరొచ్చి వెళ్లారో చెప్పే ఆధారం మా దగ్గర లేదు.

మీరు ఏ కాలేజీలోనో, ఆసుపత్రిలోనో, మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులోనో సర్వర్లు చూసే మనిషైతే ఈ పేజీ మూసేలోపు ఒక పని చేయండి. మీ మెషీన్లలో రెక్‌సర్ట్ (reqcert) అన్న మాటని గ్రెప్ కొట్టి వెతకండి. పక్కన నెవర్ అని ఉంటే దాన్ని రాసింది ఎవరని అడగొద్దు. తీసేయండి, వచ్చే ఎర్రర్ని పూర్తిగా చదవండి, ఆ తర్వాత అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించండి.