శునకస్థౌల్య ప్రశస్తి

మన నగరములలో శునకభక్తి పెరిగినంత వేగముగా శునకముల నడుములును పెరుగుచున్నవని ఆక్షేపించు అసూయాపరులు కొందరు కలరు. వారి మాట చెవిని బెట్టరాదు. ఇంటికి వచ్చిన చుట్టము లేబ్రడారును చూచి “ఎంత బొద్దుగా ఉన్నదండీ!” అని మెచ్చుకొనినపుడు గృహస్థుని ముఖమున వెలుగు ఆనందము ముందు, మెట్లెక్కలేక మూలుగు ఆ మూగజీవి కీళ్లనొప్పి ఏపాటిది?

తిండి సంచిని ఎన్నుకొనుటలో మనవారి పద్ధతి పరమ శాస్త్రీయము. సంచిపై తోడేలు బొమ్మ ఉండవలెను. “సహజము”, “ప్రీమియం”, “ధాన్యరహితము” అను బీజాక్షరములు మెరయవలెను. వెల వినగనే గుండె ఝల్లుమనవలెను. అది ఏ వయసు జంతువునకు సంపూర్ణాహారమో, దినమునకు ఎన్ని గ్రాములు పెట్టవలెనో వెనుకవైపున చీమతలకాయంత అక్షరములలో ఉండును గాని, దానిని చదువుట పిసినారుల లక్షణము.

కుక్క తోడేలు సంతతి గనుక ధాన్యము దానికి కూడదని వీరి సిద్ధాంతము. పిండిపదార్థమును అరిగించు జన్యుప్రతులు తోడేలుకంటె కుక్కకు మిక్కిలి హెచ్చుగా ఉన్నవని 2013లో ‘నేచర్’ పత్రిక ప్రకటించినది. ధాన్యములు మాని బఠానీలు, పప్పులు దండిగా చేర్చిన ఆహారములకును, కుక్కల గుండె సాగి బలహీనపడు వ్యాధికిని సంబంధము కలదా యని 2018లో అమెరికా ఆహార ఔషధ సంస్థ విచారణకు పూనుకొని, కారణమిదియేనని తేల్చలేకపోయినది; అనుమానమును తీర్చనూ లేదు. అయిన నేమి? జూబిలీ హిల్సులో ఏసీ క్రింద పవళించి, లిఫ్టులో దిగి, వీధి మలుపువరకు నడిచి ఆయాసపడి మరలివచ్చు తోడేలునకు అరణ్యభోజనమే తగును!

మార్జాలముల పట్ల ధర్మనిష్ఠ మరింత ఉజ్జ్వలము. “మా పిల్లి పెరుగన్నము తప్ప ముట్టదు” అని గర్వించు శాకాహార కుటుంబములు కలవు. రాత్రివేళ అది ప్రహరీ దూకి ఎచ్చటికి పోవునో వా రెన్నడును విచారింపలేదు. పిల్లి జన్మతః మాంసాహారి. టారిన్ అను పదార్థమును అది తన దేహమున చాలినంత తయారుచేసికొనజాలదు. అది కొరవడిన గుండె చెడుననియు, అందించిన కోలుకొనుననియు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 1987లో చూపిరి. యజమాని ఆర్జించు పుణ్యమునకు పిల్లి గుండె మూల్యము చెల్లించు ఏర్పాటు ఆ వైద్యులకు తట్టినట్లు లేదు.

ఇక చిరుతిండి. తాతగారి ఇడ్లీ ముక్క, అమ్మగారి చపాతీ అంచు, పిల్లల బిస్కెట్టు: ఒకరు పెట్టినది వేరొకరికి తెలియదు, ఏదియు లెక్కలోనికి రాదు. దినాహారశక్తిలో చిరుతిండి పదవవంతు మించరాదని వైద్యులందురు; మనయిండ్లలో పదవవంతు మిగులునది భోజనమునకే. తిండి అమ్ముకొను ప్యూరినా సంస్థయే 48 లేబ్రడారులను జంటలు చేసి, ఒకదానికి జోడుకంటె నాల్గవవంతు తక్కువ పెట్టి జీవితాంతము గమనింపగా, మితముగా తిన్నవి ఇంచుమించు రెండేండ్లు అధికముగా జీవించెనని 2002లో వెల్లడియైనది. అనగా మనము ప్రేమతో వడ్డించు ఆ కొసరు ముద్ద దాని ఆయుర్దాయమునుండి కోసి పెట్టినదే.

కావున పాఠకమహాశయులారా, సంచిమీది తోడేలును విడిచి, ఇంటి కుక్క ప్రక్కలపై చేయి వేసి చూడుడు. ఎముకలు వేళ్లకు సులువుగా తగులవలెను. పైనుండి చూచిన నడుము కనబడవలెను. ప్రక్కనుండి చూచిన పొట్ట వెనుకకు పోను పోను పైకి లేవవలెను. నెలకొకసారి తూచుడు, గ్రాములు కొలిచి పెట్టుడు. బొద్దు పిల్లిని మాత్రము ఉపవాసముంచకుడు. హఠాత్తుగా తిండి మానిన దాని కాలేయమున కొవ్వు పేరుకొని ప్రాణము మీదికి వచ్చును. గిన్నెను చూచి తోక యూపుట ఆకలికి సాక్ష్యము కాదు. ఎంత పెట్టవలెనో తేల్చు తెలివిని భగవంతుడు తోక లేనివానికే ఇచ్చెను. దానిని ఈ పూటనుండియైన వినియోగింపుడు.