ఆప్షన్‌దారు

పట్టాదారు, వాటాదారు, చందాదారు అనే వరుసలో చేర్చదగిన ‘ఆప్షన్‌దారు’ అనే జాతి నల్లగొండ, మహబూబ్‌నగర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల ఆవరణల్లో 2019 నవంబరు 4న పుట్టి, డిసెంబరు 3 సాయంత్రానికి అంతరించింది. భారత్ సంచార్ నిగమ్‌ను నిలబెట్టే పథకంలో భాగంగా, యాభై ఏళ్లు నిండిన ఉద్యోగులు కోరుకుంటే ముందుగానే పింఛనుతో వెళ్లిపోయే స్వచ్ఛంద పదవీ విరమణకు, అంటే జనం నోట వీఆర్‌ఎస్‌కు, కేంద్ర మంత్రివర్గం అక్టోబరు 23న ఆమోదం తెలిపింది. ఆ మేరకు కంప్యూటర్‌లో సమ్మతి నమోదు చేయడాన్ని ‘ఆప్షన్ ఇయ్యడం’ అన్నారు. ఇచ్చినవాడు, ఇవ్వనివాడు కాక, ఇద్దామా వద్దా అని ముప్పై రోజులూ తిరిగినవాడే ఈ వ్యాసానికి నాయకుడు.

‘స్వచ్ఛంద’ అన్న విశేషణానికి కొంత వివరణ అవసరం. ఆ ఏడాది జీతాలు ఆలస్యమవుతూ రావడం, ఉండిపోయినవారికి విరమణ వయసు అరవై నుంచి యాభై ఎనిమిదికి తగ్గుతుందన్న వదంతి, దూరప్రాంతాలకు బదిలీలు తప్పవన్న మరో వదంతి, ఈ మూడూ కలిసి ఆ ఛందానికి గణాలు కూర్చి యతి కూడా కుదిర్చాయి.

రాజీనామాకు, తొలగింపునకు, వీఆర్‌ఎస్‌కు గల భేదం ఆప్షన్‌దారుకు కంఠతా వచ్చేది. 1972 నాటి కేంద్ర పింఛను నియమాల ప్రకారం, రాజీనామా చేస్తే అంతవరకు చేసిన సర్వీసు సాధారణంగా గల్లంతయ్యేది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద, మిగులు సిబ్బందిగా తేల్చి ఇంటికి పంపితే పూర్తయిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనం దక్కేది. ఈ పథకంలోనైతే, గుజరాత్ నమూనాగా పేరుపడిన సూత్రం మీద, చేసిన ఏడాదికి 35 రోజులు, మిగిలిన ఏడాదికి 25 రోజుల చొప్పున, మూలవేతనం, కరువు భత్యం కలిపి లెక్కగట్టి, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి ఎక్స్‌గ్రేషియా, అనగా హక్కుగా గాక అనుగ్రహంగా ఇచ్చే సొమ్ము, ముట్టేది. ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి ఇంకా ఆరేళ్లు మిగిలినవాడికి 980కి 150 కలిపి 1,130 రోజుల జీతమన్నమాట.

ఈ 1,130ని ఆప్షన్‌దారు పాత టెలిఫోన్ డైరెక్టరీ అట్ట మీద, పెళ్లిపత్రికల వెనుక, చివరికి బత్తాయి తోట కౌలు కాగితం అంచున కూడా వేసి చూశాడు. 2017 జనవరి నుంచి రావలసి ఉండి రాని మూడో వేతన సవరణను కలిపితే ఉండడమే లాభమని, కలపకపోతే పోవడమే లాభమని తేలేది. కలపాలా వద్దా అన్నది ఆ పూట ఛాయ్ ఎవరితో తాగాడన్న దాన్ని బట్టి నిర్ణయమయ్యేది. “ఏం సార్, ఆప్షన్ ఇచ్చిన్రా?” అన్న ప్రశ్నకు “మీరిచ్చిన్రా?” అన్న ఎదురు ప్రశ్నే ఆ నెలంతా ఉభయ జిల్లాల్లో చెలామణీ అయిన జవాబు. గడువులోపల ఆప్షన్ వెనక్కి తీసుకునే వీలుండడం మరీ చేటు చేసింది, ఎందుకంటే పొద్దున ఇచ్చి మాపటికి తీసుకున్నవాడు రెండు నిర్ణయాలు చేసిన తృప్తితో నిద్రపోయి, మరునాడు ఏ నిర్ణయమూ లేనివాడిగా లేచేవాడు. కార్తీక అమావాస్యకు చెర్వుగట్టు గుడి వద్ద నిద్ర చేసి వచ్చిన నల్లగొండ ఆప్షన్‌దారుకు జడల రామలింగేశ్వరుడు సైతం స్పష్టమైన సూచన ఏదీ చేయలేదు.

అదే నవంబరులో, అదే పట్నాల బస్సు డిపోల ముందు, అక్టోబరు 5 నుంచి సమ్మెలో ఉన్న ఆర్టీసీ కార్మికులు కూర్చొని ఉన్నారు. విధుల్లో చేరనివారు తమను తామే తొలగించుకున్నట్టని, అంటే ‘సెల్ఫ్ డిస్మిస్’ అయినట్టని రాష్ట్ర ప్రభుత్వం చెప్పి, చేరడానికి నవంబరు 5 అర్ధరాత్రిని గడువుగా పెట్టింది. తన పనిని తానే చేసుకోవడాన్ని తెలిపే ‘కొను’ అన్న తెలుగు క్రియకు ఒకే నెలలో ఇంత చాకిరీ ఎన్నడూ పడి ఉండదు: ఒకరు విరమణ తీసుకోవాలి, మరొకరు తొలగించుకున్నారు. డిపో ముందు గుడారంలో ఆప్షన్‌దారు తన మథనాన్ని వినిపించబోతే, పోతే పైసలిస్తామన్నా ఏడుస్తున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నామన్నట్టు అక్కడివారు చూశారు.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, గడ్డ మీద ఈ తటపటాయింపు ఇంకా వింతగా కనిపిస్తుంది. గుంపు మేస్త్రీ, అంటే కూలీల జట్టును కూర్చి పనికి తీసుకుపోయే పెద్ద, చేతిలో పెట్టిన అడ్వాన్సుతో అప్పు తీర్చి, మూటాముల్లె కట్టుకొని, దేశం నలుమూలలా ఆనకట్టల పనులకు కదిలిపోయిన వలస కూలీల జిల్లా అది. వారికి ముందు సొమ్ము, తర్వాత చాకిరీ. ఆప్షన్‌దారుకు చాకిరీ ముందే అయిపోయింది కాబట్టి, తీరిక దొరికింది.

ఇంతకూ లెక్క తేల్చింది లెక్కలు కావు. దేశంలో ఎందరిచ్చారన్న అంకె రోజురోజుకూ పెరుగుతుంటే, అంతమంది పోయాక ఎక్స్ఛేంజీలో తాళంచెవుల గుత్తితో మిగిలేది తానొక్కడే అవుతానన్న బెంగ 1,130ని మింగేసింది. అందరూ ఇస్తున్నారని ఒక్కొక్కరూ ఇవ్వగా, 78 వేలకు పైగా ఉద్యోగులు 2020 జనవరి 31న ఒకే రోజు విరమించారు.

ఫిబ్రవరిలో ఇంటి ల్యాండ్‌లైన్ మూగబోయినప్పుడు, ఆప్షన్‌దారు కొడుకు కొనిచ్చిన ప్రైవేటు కంపెనీ సెల్ నుంచి ఎక్స్ఛేంజీకి ఫోన్ చేయగా, కాంట్రాక్టు పిల్లవాడొకడు ఎత్తి, “గా లైన్ జూసే సారు వీఆర్‌ఎస్ తీసుకున్నడంట, జర ఆగున్రి” అన్నాడు. ఆ సారు తానేనని చెప్పుకోలేక, ఆప్షన్‌దారు ఫిర్యాదు నంబరు బుద్ధిగా రాసుకొని, అటక మీద కటింగ్ ప్లేయరు ఎక్కడుందోనని వెతకసాగాడు.