ఈజిప్టులో హెడ్ క్లర్కు

రిటైరైన హెడ్ క్లర్కుల్లో ఒక రకం ట్యాబ్‌లో హంతకుల్ని పట్టుకుంటూ పొద్దుపుచ్చుతుంది. ఈ రకానికి ప్రీతిపాత్రమైన ఆట ‘క్రిమినల్ కేస్’. పారిస్‌కు చెందిన ప్రెటీ సింపుల్ కంపెనీ దీన్ని 2012 నవంబరులో ఫేస్‌బుక్‌లోకి వదిలింది. మరుసటి ఏడాదే ఫేస్‌బుక్ దీన్ని ఆ ఏటి మేటి ఆటగా ప్రకటించింది. చిందరవందరగా ఉన్న బొమ్మలో దాగిన వస్తువుల్ని జాబితా ప్రకారం ఏరడం, దొరికిన ఆధారాలతో హంతకుణ్ణి తేల్చడం, ఇంతే పని. ఆరో సీజను ‘ట్రావెల్ ఇన్ టైమ్’లో డిటెక్టివ్ కాలంలో వెనక్కి, ప్రాచీన ఈజిప్టు దాకా పోయి హత్యల గుట్టు విప్పుతాడు. హెడ్ క్లర్కు గారి ప్రస్తుత మకాం అక్కడే.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈయన నోట ఎక్కువగా వచ్చిన మాట, “ఫైలు కనపడటం లేదు, సోమవారం రండి.” అదే మనిషి ఇప్పుడు కుండల వెనక నక్కిన బాకుని రెప్పపాటులో పట్టేస్తాడు. కళ్లజోడు ముక్కు కొసకు దించి, చూపుడు వేలిని నాలుకకు అద్దుకుని మరీ తెర మీద పెడతాడు. జీవితమంతా కాగితాలు తిప్పిన వేలది, మానమంటే మానదు. తడి వేలికి తెర సరిగ్గా పలకదు. పంచె చెంగుతో తుడిచి మళ్లీ నొక్కేలోపు, వెంటవెంటనే పట్టినందుకు రావలసిన అదనపు పాయింట్లు కాస్తా జారిపోతాయి. తప్పు కంపెనీదంటాడు.

అనుమానితులు సాధారణంగా ఐదుగురు. ఒక్కో ఆధారం హంతకుడి ఒక్కో లక్షణం చెబుతుంది. అంతవరకూ ఈయన ఆగడు. మర్యాదగా మాట్లాడినవాణ్ణి మొదట్లోనే ఖాయం చేసేస్తాడు. ఆఫీసుకు నవ్వుతూ వచ్చినవాడు ఏదో పని మీదే వస్తాడన్నది అనుభవం నేర్పిన సూత్రం.

అసలు అవస్థ శవపరీక్ష దగ్గర. ఆ రిపోర్టుకు 18 గంటలు పడుతుంది, అదీ గోడ గడియారం లెక్కన. “ఒక్క కాగితానికి 18 గంటలా? ఎవడయ్యా ఆ సెక్షను సూపర్నెంటు?” అని ఇల్లంతా తిరుగుతాడు. ఈయన టేబులు మీద ఎంతమంది పింఛను కాగితాలు నెలల తరబడి నిద్రపోయాయో ఊళ్లో అందరికీ తెలుసు. తట్టుకోలేక ఓసారి ట్యాబ్‌లో గడియారం ముందుకు జరిపి చూశాడు. ఈజిప్టులో ఏం కదిలిందో గానీ, థైరాయిడ్ మాత్ర అలారం అర్ధరాత్రి మోగి కోడలు, “మామయ్యగారూ, ఏమైంది?” అంటూ పరుగెత్తుకొచ్చింది.

ఆటకు ఎనర్జీ కావాలి. నిండుగా ఉంటే 110, ఒక్కో సీనుకు 20 ఖర్చు. అయిదు సీన్లతో బండి ఆగుతుంది. అప్పుడు డిటెక్టివ్‌కు తిండి పెట్టాలి: నారింజ రసానికి 20, చిప్సుకు 50, బర్గరుకు 120. ఇంట్లో ఈయనకు చక్కెర లేని టీ, ఉప్పు తగ్గించిన చారు. అందుకేనేమో బర్గరు పెట్టేటప్పుడు, “తినవయ్యా, తిను” అని కొసరి కొసరి పెడతాడు. చూసేవాళ్లకు కోపం పోయేది సరిగ్గా ఇక్కడే.

స్నేహితులనూ ఎనర్జీ అడగవచ్చు. ఈయన జాబితాలో వియ్యంకుడూ ఉన్నాడు. పిల్లల పెళ్లిలో లాంఛనాల దగ్గర మాట పట్టింపు వచ్చి, ఇద్దరికీ మాటలు లేవు. రిక్వెస్టు మాత్రం ఇటునుంచి రోజూ వెళుతుంది, అటునుంచి ఎనర్జీ రోజూ వస్తుంది. పండక్కి పిలిచే సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఈ సీజను చివరికొచ్చింది. తర్వాతిది ‘సూపర్‌నేచురల్ ఇన్వెస్టిగేషన్స్’, అంటే రక్తపిశాచాల వ్యవహారం. భార్యకు దెయ్యాలంటే భయం. ఆవిడకింకా చెప్పలేదు.